బా మెరిన్ వాగు ఒడ్డున పొయ్యి

లిబాయ్ అత్తకు ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డులో ఒకటే పేరుంది. మా మధ్య ఆమె మూడు పేర్లతో బతికింది. పుట్టినప్పుడు లిబాయ్. కొడుకు ఆసిక్ పుట్టాక తినెన్ ఆసిక్, అంటే ఆసిక్ తల్లి. మావ పోయాక బాలూ, అంటే మొగుడు పోయినది. అడవుల్లో తిరిగే తెగ మాది, మా పెనాన్లలో ఇంట్లో జరిగినదాన్ని బట్టి మనిషి పేరు మారుతూ వస్తుంది. చనిపోయినవాళ్ళ పేరు ఒక్కటే ఇక మారదు. దాన్ని ఎవరూ నోట పలకరు.

అందుకే మావ పేరు నేనిక్కడ రాయను. ఆయన్ని పాతిపెట్టిన లోయలో పారే వాగు బా మెరిన్. అప్పటినుంచి ఆయన అందరికీ బా మెరిన్ మనిషి, నాకు బా మెరిన్ మావ. మా తాతలూ ముత్తాతలూ ఇలా వాగుల పేర్ల మీదే మిగిలున్నారు. ఒక వాగును పూడ్చేస్తే మాకు ఒక మనిషి రెండోసారి పోయినట్టు. ఈ ముక్క అడవి నరికే కంపెనీవాళ్ళకు చెబితే మర్యాదగా తలూపుతారు. తలూపి, నరకాల్సిన చెట్లకు గుర్తు పెట్టే ఎర్ర రంగు డబ్బా మూత తీస్తారు.

అత్త పుట్టింది ఏ ఊళ్ళోనూ కాదు. ఆమె, ఆమె అన్న అయిన మా నాన్న పుట్టిన రోజుల్లో మాకు ఊళ్ళే లేవు. పిండినిచ్చే ఉవుత్ చెట్లు ముదిరిన చోట కర్రల మీద గుడిసెలు వేసుకోవడం, ఆ చుట్టుపక్కల పిండీ వేటా తగ్గాక మరో గట్టుకు నడవడం. నడిచేటప్పుడు వీపున పేము బుట్ట, బుట్ట మీద పిల్ల, పిల్ల చంకలో కోతిపిల్ల. ఎక్కడికి పోతున్నామో వెనక వచ్చేవాళ్ళకు తెలియడానికి దారిలో ఒక కర్ర పాతి, ఆకు మడిచి గుచ్చిపోయేవాళ్ళు. అత్తకు ఆకు మడతలు చదవడం వచ్చు. అక్షరాలు రావు. వాటి లోటు ఆమెకు చాలాకాలం తెలియలేదు కూడా.

ఉవుత్ చెట్టును కూల్చి, మాను చీల్చి, లోపలి దవ్వను దంచి, వాగు ఒడ్డున చాప మీద పోసి, నీళ్ళు కుమ్మరిస్తూ కాళ్ళతో తొక్కాలి. పాలలాంటి నీళ్ళు కిందికి దిగి పేరుకుంటే అది పిండి. ఆ పిండే మా తిండి. తొక్కడంలో అత్త మహా గట్టిదని చెబుతారు. అంతకంటే గట్టిది ఆమె నోరు. మావ ఆమెను మొదట చూసింది ఆ చాప మీదేనట. వేరే గుంపుతో వచ్చి, వేటలో బాణాలు ఊదే గొట్టం భుజాన వేసుకుని, పని చూస్తూ నిలబడ్డాడు.

"అంతలా తొక్కుతున్నావ్, ఆ దవ్వ నిన్నేం చేసిందేంటి?" అన్నాడట.

"ఏం చెయ్యలేదు. ఊరికే నిలబడి చూసే మగాళ్ళ మొహాలు గుర్తొస్తున్నాయి."

మావ గొట్టం చెట్టుకు ఆనించి నీళ్ళు మోశాడు. సాయంత్రం దాకా మోశాడు. ఆయన అక్క ఉలెంగ్ ఇప్పటికీ ఆ మాటే ఎత్తిపొడుస్తుంది: "మా వాడికి వేట తప్ప ఇంకో పని తెలిసేది కాదు. దీన్ని చూశాక కూలోడైపోయాడు."

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ బా మెరిన్ వాలు మీద లేత ఉవుత్ గుబుళ్ళను ఎంచుకుని ఒక్కో మానుకు ఒక్కో కత్తిగాటు పెట్టారు. దీన్ని మేం మొలోంగ్ అంటాం. ఆ గాటు నరికి తినడానికి కాదు, తినకుండా ఆగడానికి. దీని మీద ఒకరి కన్నుంది, ముదరనివ్వండి అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పడం. ముదిరాక గాటు పెట్టినవాళ్ళే తినాలని లేదు. వాళ్ళ పిల్లలు తినొచ్చు, ఆకలితో దారి తప్పి వచ్చినవాడు తినొచ్చు. కాకపోతే తిన్నవాడు లేత మొక్కను వదలాలి, తిన్నది పంచాలి. పంచకుండా తినడం కంటే పెద్ద తప్పు మాకు తెలియదు.

ఆసిక్ ఇంకా చంక దిగని వయసులో మావకు జ్వరం తగులుకుంది. నేనప్పటికి చిన్నదాన్ని. అత్త ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఒక్కటే గుర్తుంది. పోయాక, మా పద్ధతి ప్రకారం, గుడిసె మధ్యలో పొయ్యి రాళ్ళు పక్కకు తీసి, ఆ బూడిద కిందే తవ్వి ఆయన్ని అక్కడ ఉంచారు. గుడిసెను అలాగే వదిలేశారు. పొద్దు వాలక ముందే అందరం బుట్టలెత్తుకుని గట్టు దాటాం. ఆ లోయలో ఇక నిప్పు రాజెయ్యకూడదు, కాపురం ఉండకూడదు. వేటకు వెళ్ళేవాళ్ళు కూడా చుట్టు తిరిగి గట్టు వెంట పోతారు. అది భయమా ప్రేమా అని బయటివాళ్ళు అడుగుతుంటారు. ఆ రెండింటికీ మధ్య గోడ కట్టుకున్నవాళ్ళకు వచ్చే అనుమానం అది.

తర్వాత ప్రభుత్వం ఏటి ఒడ్డున లాంగ్ తపా దగ్గర రేకుల ఇళ్ళు కట్టి, ఇక తిరిగింది చాలు, స్థిరపడండి అంది. బడి పెడతాం, మందులిస్తాం అంది. బడి పెట్టిన మాట నిజమే, నేను మలయ్ భాష నేర్చుకున్నది అందులోనే. మందులు పడవ వచ్చినప్పుడు వస్తాయి, పడవ నీళ్ళున్నప్పుడు వస్తుంది. మధ్యాహ్నం ఆ రేకుల కింద కోడి కూడా కూర్చోదు. ఎగువన కంపెనీలు దుంగల కోసం రోడ్లు తవ్వడంతో ఏరు ఎర్రబడింది. అందులో మునిగి లేస్తే ఒళ్ళు బురద. చేప లేదు. అడవి పంది కోసం మగవాళ్ళు ఒక పూట నడిచేవాళ్ళు కాస్తా మూడు పూటలు నడుస్తున్నారు. పొట్లాల్లో నూడుల్స్ వచ్చాయి, సంచుల్లో బియ్యం వచ్చింది. వరి వెయ్యడం మాకు కింది ఊరి కెన్యా తెగవాళ్ళు ఓపిగ్గా నేర్పారు. ఆసిక్ పెద్దవాడై దిగువన ప్లైవుడ్ మిల్లులో పనికి చేరాడు. మా చెట్లే అక్కడ పలకలవుతాయి, మా వాడే వాటికి జిగురు పూస్తాడు. తప్పు వాడిదని మేమెవరం అనలేదు.

అత్తకు వరి ఎప్పుడూ కలిసిరాలేదు. పక్కింట్లోనే ఉలెంగ్ పెద్దమ్మ. ఆమె చేను కాస్త నయం, కాబట్టి నోరు ఇంకాస్త ఎక్కువ.

"నీ చేను చూసి కోతులు జాలిపడి, తెచ్చుకున్న పళ్ళు అక్కడే పెట్టి పోయాయంట కదే!"

"పెట్టిన పళ్ళు నువ్వు తినేశావని అవి ఇప్పుడు ఏడుస్తున్నాయి వదినా."

ఇద్దరికీ రోజుకో పోట్లాట పడాల్సిందే. ఎవరి కుండలో ముక్క ఉడికినా సగం రెండో ఇంటికి పోవాల్సిందే.

ఒక ఏడు వరి కోతల ముందు జీపులో కొందరు మనుషులు దిగారు. నెత్తిన టోపీలు, చేతుల్లో నేల కొలిచే యంత్రాలు, వెంట రంగు డబ్బాలు. అత్త ఏట్లో గిన్నెలు తోముతోంది. వాళ్ళలో మా మాట కాస్త వచ్చిన ఇబాన్ తెగ మనిషి ఒకడున్నాడు, బుల్డోజర్ నడుపుతాడట. అతను ఒడ్డున గొంతుక్కూర్చుని అడిగాడు.

"అమ్మా, ఆ గట్టు అవతల లోయ ఉంది చూడండి. అది మీవాళ్ళు వాడతారా?"

అత్త చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"అక్కడికి మేం వెళ్ళం."

"ఎవరూ వెళ్ళరా?"

"ఎవరూ వెళ్ళరు. దాని మాట ఎత్తకు బాబూ."

మావాళ్ళెవరైనా ఈ జవాబు వింటే, ఆ లోయలో ఆమెకు కావలసినవాళ్ళు ఉన్నారని తెలుసుకుని, అడిగినందుకు సిగ్గుపడి తప్పుకుంటారు. ఒక చోటు నాది అని ఇంతకంటే గట్టిగా చెప్పే దారి మాకు లేదు. అతను వెళ్ళి తనవాళ్ళకు ఏం చెప్పాడో ఊహించడం కష్టం కాదు. సాయంత్రానికి గట్టు మీది చెట్లకు ఎర్ర చుక్కలు పడ్డాయి.

ఊరి పెద్ద సాయున్ పట్నం పోయి కనుక్కుని వచ్చాడు. కంపెనీ నరకబోయే అడవిలో బా మెరిన్ లోయ మొత్తం ఉంది. అభ్యంతరాలుంటే వినడానికి జిల్లా నుంచి అధికారి మన చర్చికే వస్తాడు. లోయ ఖాళీ అని రాయడానికి ఆధారం ఏమిటని సాయున్ అడిగితే, ఊళ్ళో ఒక పెద్దావిడే చెప్పింది, అక్కడికి ఎవరూ వెళ్ళరని, అన్నారట.

మేమంతా సాయున్ ఇంటి అరుగు మీద ఉన్నాం. అత్త పేము చీల్చుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"అన్నాను. అలాగే అన్నాను," అంది. సాయున్ వైపు తిరిగి, "అంటే వాళ్ళకది, తీసుకుపోండి అన్నట్టు వినపడిందా?" అంది.

సాయున్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కటే దారుంది. అక్కడ నీ ఇంటాయన ఉన్నాడని అధికారి ముందు చెప్పాలి. చెబితే పేరు అడుగుతాడు. రాసుకోవడానికి వాళ్ళకు పేరు కావాలి."

ఉలెంగ్ పెద్దమ్మ మీద నిప్పు పడ్డట్టు లేచింది.

"నా తమ్ముణ్ణి ఆ ఆఫీసోడి ముందుకు పిలుస్తారా? పిలిస్తే వస్తాడు వాడు. వచ్చి చూస్తాడు, అందరూ కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాడికీ ఒక కుర్చీ వేస్తావా సాయున్?"

"అది కాదక్కా. పేరు దాచుకుంటే చోటు పోతుంది. చోటు పోతే ఆ తర్వాత ఆయన్ని ఏమని తలుచుకుంటాం? పారే వాగుంటేనే కదా ఆ పేరు?"

పెద్దమ్మ మళ్ళీ అరుగు మీద కూలబడి, అత్త చీల్చిన పేము ఏరసాగింది.

"ఇది నా నోటినుంచి ఊడిన మాట," అంది అత్త. "నేనే చూసుకుంటా."

అధికారి వచ్చిన రోజు చర్చి నిండిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. రోడ్డు గతుకులకు నడుం పట్టేసి, మొహం తుడుచుకుంటూ, పెట్టిన కాఫీ మొత్తం తాగి, బాగుందని చెప్పి, పటం పరిచాడు. ఆయన మలయ్ మాట అత్తకు, అత్త మాట ఆయనకు చేరవెయ్యడం నా పని.

"ఈ లోయలో ఇల్లుందా?"

"లేదు."

"పొలం?"

"లేదు. ఉవుత్ చెట్లున్నాయి. మేం గాట్లు పెట్టి కాపాడినవి."

"అవి అడవిలో వాటంతటవే మొలుస్తాయి కదమ్మా. చెట్లు కొట్టి దున్నిన చోటైతే మీదని రాయగలను."

నరికినవాడిది నేల, నరక్కుండా కాపాడినవాడిది కాదు. ఈ రూలు ఎవరు రాశారో గాని, ఒక చేత్తో గొడ్డలి పట్టుకునే రాసి ఉంటారు.

"సమాధి ఉందంటున్నారు. ఎవరిది?"

"బా మెరిన్ మనిషిది," అంది అత్త.

నేను చెప్పాను. ఆయన పటం మీద వేలితో వెతికాడు. అందులో ఆ వాగుకు పేరే లేదు, సన్నటి నీలి గీత ఒకటుంది అంతే.

"అది వాగు పేరంటున్నారు కదా. నేనడిగేది మనిషి పేరు."

ఆ మాట నేను అత్తకు చెప్పనక్కర్లేకపోయింది. చర్చిలో ఉన్న మా వాళ్ళంతా ఎవరి కాళ్ళ వైపు వాళ్ళు చూసుకుంటున్నారు. ఉలెంగ్ పెద్దమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. అత్త పెదవులు విడివడ్డాయి. అవి ఆ పేరు మొదటి అక్షరానికి సిద్ధమవడం నేను చూశాను. పేరు బయటికొస్తే దాన్ని మళ్ళీ నా నోటితో ఆయనకు అందించాలి కదా అని అప్పుడు తట్టింది.

చెవులు మూసుకున్న ఆడబిడ్డ వైపు అత్త చూసింది. మాట మింగేసింది.

"పేరు కాక ఇంకేం ఉంటే రాసుకుంటాడో అడుగు," అంది నాతో.

అడిగాను. అధికారి పటం మడుస్తూ, విసుగు లేకుండానే చెప్పాడు.

"చూడమ్మా, అక్కడ ఎవరైనా నివాసం ఉంటే అది వేరే సంగతి. ఇల్లో, కనీసం పొగ వచ్చే పొయ్యో కనబడితే సర్వేయర్ వచ్చి చూసి రాస్తాడు, హద్దు మార్చమని నేనడగొచ్చు. ఖాళీ లోయ గురించి నేనేం రాయను? నెలాఖరుకు యంత్రాలు గట్టెక్కుతాయి. ఆలోపు ఏదైనా ఉంటే చెప్పండి."

"పొయ్యా?" అంది అత్త.

ఆ ఒక్క మాట అని లేచి వెళ్ళిపోయింది. మిగతా అభ్యంతరాలు సాయున్ చెప్పుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఆమె బుట్టలో కుండ, కత్తి, చాప, లైటరు సర్దుతోంది.

"అత్తా, అక్కడ నిప్పు రాజెయ్యకూడదు కదా మనం?"

"పేరు పలకొచ్చా మరి?"

"అదీ కూడదు."

"పేరు పలికితే నీకు నొప్పి, మీ నాన్నకు నొప్పి, ఆ ముసలిదానికి అందరికంటే నొప్పి. పేరు అందరిదీ. అక్కడ పడుకుంటే భయం నా ఒక్కదానిది. ఏది తక్కువో నువ్వే చెప్పు, బడికెళ్ళినదానివి."

సాయున్ నలుగురు మగవాళ్ళను తోడిస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్ళు పలకరించని మొగుడి దగ్గరికి ఊరేగింపుగా పోతానా? ముందు నన్ను వెళ్ళి మాట్లాడుకోనీ."

చివరికి రెండో బుట్ట మోయడానికి నన్ను రానిచ్చింది. జలగల దారిలో పొద్దున బయల్దేరి గట్టెక్కాం. ఎర్ర చుక్కలున్న చెట్లను ఆమె చేత్తో తడుముకుంటూ నడిచింది, జ్వరం ఉన్న పిల్లల నుదురు చూసినట్టు. గట్టు దిగుతుంటే ఉవుత్ వాలు కనబడింది. ఆమె అక్కడ ఆగిపోయింది. లేతగా వదిలేసిన చెట్లు ఆకాశాన్ని కప్పేశాయి. కొన్ని ముదిరి, పూసి, తినేవాళ్ళు లేక నిలబడే ఎండిపోయాయి. ఒక మాను మీద పాత గాటు దొరికింది. బెరడు దాని చుట్టూ పెదవుల్లా ఉబ్బి మూసుకుపోయింది.

"ఇది ఆయన పెట్టింది," అంది. "నేను పెట్టినవి వంకరగా ఉంటాయి."

గుడిసె ఎప్పుడో మట్టిలో కలిసింది. పక్కకు తీసిన పొయ్యి రాళ్ళు నాచుపట్టి అక్కడే ఉన్నాయి. వాటి పక్కన నేల కొంచెం కుంగి, దాని మీద ఫెర్న్ మొక్కలు. అత్త బుట్ట దించింది. నన్ను దూరంగా ఉండమంది. నేను దూరంగానే ఉన్నాను గాని వాగు చప్పుడు మరీ ఎక్కువేం కాదు.

"ఏమయ్యా," అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే. "వదిలేసి పోయామని అలగకు. పోవడమే మర్యాద అన్నారు, పోయాం. ఇప్పుడది మర్యాద కాదట, ఖాళీ అట. అందుకని వచ్చా. నీ కొడుకు బాగానే ఉన్నాడు, బక్కగా ఉన్నాడు. బియ్యం తెచ్చుకున్నా. నవ్వకు. నేను పండించినవి కావులే."

నాచు గీకి, రాళ్ళను కుంగిన నేలకు కాస్త ఎడంగా జరిపి, పుల్లలు పేర్చింది. లైటరు తీసింది. బొటనవేలు చక్రం మీద పెట్టి అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ తిప్పలేదు. నేను లేచి వెళ్ళాలా వద్దా తెలియక కూర్చున్నాను. అప్పుడు గట్టు మీదినుంచి కుక్క మొరుగుడు, వెనకే తిట్లు వినబడ్డాయి.

"ఓసి దొంగ మొహమా! ముసలిదానికి చెప్పాపెట్టకుండా వస్తావా? కుక్క నీ వాసన పట్టబట్టి సరిపోయింది. లేకపోతే ఈ ఎర్ర చుక్కలు చూసుకుంటూ నేను కంపెనీ క్యాంపుకు పోయేదాన్ని!"

ఉలెంగ్ పెద్దమ్మ. నెత్తిన కుండ, వీపున బుట్ట, మోకాళ్ళ దాకా జలగలు. కుంగిన నేల చూడగానే ఆమె తిట్లు ఆగిపోయాయి. అక్కడే నిలబడింది. కుక్క ఆమె కాళ్ళ మధ్య దూరింది.

"నువ్వెందుకొచ్చావు వదినా?"

"ఎందుకా? నా తమ్ముడి దగ్గర నీ ఒక్కదాని వంట పొగేనా? పాపం వాడు లేచి పారిపోతాడు."

"లైటరు వెలగట్లేదు," అంది అత్త. అబద్ధం.

"ఇటివ్వు. దానికీ నీలాగే పని రాదు."

పెద్దమ్మ పక్కనే కూలబడి, అత్త చేతిని లైటరుతో సహా తన చేతిలోకి తీసుకుంది. ఇద్దరి బొటనవేళ్ళూ కలిసి తిప్పాయి. పుల్లలు తడిగా ఉన్నాయి, ముందు బోలెడు పొగ వచ్చింది. అది ఆకుల్లో ఇరుక్కుని, దారి వెతుక్కుని, గట్టు కంటే పైకి వెళ్ళింది. పొగకు కళ్ళు మండి ఏడుస్తున్నామని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

నేను సాయంత్రానికి లాంగ్ తపాకు వచ్చి చెబితే, లోయలో పొయ్యి వెలిగిందని సాయున్ అధికారికి కబురు పెట్టాడు. అత్తా పెద్దమ్మా అక్కడే ఉండిపోయారు. ముందు ఆకుల కప్పు, తర్వాత కర్రల మీద గుడిసె. ముదిరిన ఉవుత్ ఒకటి కూల్చారు. రేకుల ఇళ్ళు వచ్చాక మూలపడ్డ చాప మళ్ళీ తడిసింది. అత్త తొక్కుతుంటే పెద్దమ్మ నీళ్ళు పోస్తూ, ఈ తొక్కుడేం తొక్కుడే, చీమ కూడా చావదు అని నవ్వేదట. భయం వేసిందా అని తర్వాత అడిగితే, "ఈ ముసలిది గురక పెడుతుంటే ఏ దెయ్యానికి దారుంటుంది?" అంది అత్త.

నెలాఖరుకు ముందే బుల్డోజర్ గట్టెక్కింది. ఆ రోజు నేను బియ్యం మోసుకుని అక్కడే ఉన్నాను. ఇంజను కాసేపు మోగి ఆగింది. ఆ ఇబాన్ మనిషే కాలినడకన దిగి వచ్చాడు. గుడిసెనూ పొగనూ చూసి టోపీ తీశాడు. అతను నోరు విప్పేలోపే పెద్దమ్మ ఉడికిన పిండి గిన్నె, చీలిక పుల్ల అతని చేతిలో పెట్టింది. తిండి పెట్టకుండా ఎవరితోనూ పోట్లాడం మేం. అతను పిండిని పుల్లకు చుట్టుకుని తిన్నాడు.

"అమ్మా, మీరే కదా ఆ రోజు ఎవరూ వెళ్ళరన్నది?"

"అన్నాను. మీ అమ్మను పాతిన చోటికి పోయి నువ్వు రోజూ గంతులేస్తావా?"

అతను పుల్ల గిన్నెలో పెట్టేశాడు. పొయ్యి పక్కనున్న కుంగిన నేల వైపు ఇప్పుడు చూశాడు.

"నాకా రోజే చెప్పాల్సిందమ్మా."

"ఆ రోజే చెప్పానుగా," అంది అత్త.

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. వెళ్ళేముందు, యంత్రం ఆపే అధికారం తనకు లేదనీ, సర్వేయర్ వచ్చేదాకా అది పాడయిందని మాత్రం చెప్పగలననీ అన్నాడు. నిజంగానే అది సర్వేయర్ వచ్చేదాకా పాడయ్యే ఉంది.

సర్వేయర్ కుర్రవాడు, బూట్ల నిండా బురద. కాగితం మీద గీతలు గీసుకుంటూ నన్ను అడిగాడు, "ఎంతమంది ఉంటున్నారో కనుక్కోండి."

"ముగ్గురం," అంది అత్త.

అతను ఇద్దరు ముసలివాళ్ళనూ కుక్కనూ చూశాడు. "మూడో మనిషి బయటికెళ్ళారా?"

"ఎక్కడికీ పోలేదు, నీ కాళ్ళ దగ్గరే ఉన్నాడు," అంది పెద్దమ్మ. "లేపమంటావా?"

నేను చెప్పగానే సర్వేయర్ రెండంగల్లో వెనక్కి దూకాడు. ఇల్లు ఒకటి, పొయ్యి ఒకటి, సమాధి ఒకటి అని రాసుకున్నాడు. పేరు అడగలేదు.

హద్దు గట్టు మీదికి జరిగింది. బా మెరిన్ లోయ ప్రస్తుతానికి మిగిలింది. ప్రస్తుతానికి అన్న మాట నేను కావాలనే రాస్తున్నాను, వాళ్ళ కాగితాలు ఎప్పుడైనా మారతాయి. దాని పక్క లోయ మిగల్లేదు. అక్కడికి మేం ఎవరం అప్పటికి పోలేదు. ఆ వాలంతా ఇప్పుడు ఎర్రమట్టి, వాగు మీద దుంగల లారీలు పోయే రోడ్డు. అక్కడ ఉన్నది సాయున్ తాత. ఆయన్ని ఏమని తలుచుకోవాలో సాయున్‌కు ఇప్పుడు తెలియడం లేదు. మాటల మధ్య ఆయన ప్రస్తావన వచ్చినప్పుడు చెయ్యి ఎత్తి ఆ రోడ్డు వైపు చూపించి ఊరుకుంటాడు.

ఆ తర్వాత మావాళ్ళు మిగిలిన లోయల్లోకి కదిలారు. ఒక్కో వాగు దగ్గర ఒక్కో కుటుంబం పొయ్యి పెట్టింది. ఇది తప్పని కొందరు పెద్దలు ఇప్పటికీ అంటారు, చనిపోయినవాళ్ళను ప్రశాంతంగా ఉండనివ్వడం మన పద్ధతి కదా అంటారు. వాళ్ళ మాట తీసిపారేసేది కాదు. పద్ధతి మేం మార్చుకోలేదు, మా చేత మార్పించారు. మనుషులు లేని చోటంతా ఖాళీయే అని రాసే కాగితాలున్నంత కాలం మా పోయినవాళ్ళకు కూడా కాపలా తప్పదు.

ఆసిక్ సెలవు పెట్టి వచ్చి గుడిసెకు కొత్త కప్పు వేసి వెళ్ళాడు. తండ్రి పెట్టిన గాటు మీద చెయ్యి వేసి చూశాడు. వెళ్ళేముందు లేత ఉవుత్ ఒకదానికి తానూ ఒక గాటు పెట్టాడు. అది తల్లి గాట్ల కంటే వంకరగా ఉంది.

లిబాయ్ అత్తకు ఈమధ్య నాలుగో పేరు వచ్చింది. లాంగ్ తపా పిల్లలు సెలవులకు అక్కడికి పోతూ, బా మెరిన్ అవ్వ దగ్గరికి వెళ్తున్నాం అని చెబుతారు. మొదటిసారి అది చెవిన పడ్డప్పుడు అత్త పిండి గరిటె పట్టుకుని పిల్లల వెంటపడింది.

"వాగు పేరెట్టి పిలుస్తార్రా నన్ను? నేనింకా చావలేదురా!"

"అరవకే," అంది పెద్దమ్మ చాప దులుపుతూ. "పోయాక ఎలాగూ ఆ పేరు నీకే. కాస్త ముందొచ్చింది, అంతేగా. రా, నీళ్ళు పోస్తా, తొక్కు."